అమెరికానా? జర్మనీయా?

చేతిలో రెండు అడ్మిట్లు. చేయగలిగిన అప్పు ఒక్కటే. ఏ దేశం వెళ్లాలో తేల్చుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోవాల్సిన లెక్కలివి.

నల్గొండ జిల్లాలో ఒక ఇల్లనుకుందాం. తండ్రికి మూడెకరాల బత్తాయి తోట. తల్లి అంగన్‌వాడీ టీచర్. కూతురు హైదరాబాద్‌లో ఈసీఈ పూర్తిచేసింది, సీజీపీఏ 7.5. టెక్సస్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఎమ్మెస్‌కు అడ్మిట్ ఇచ్చింది. తూర్పు జర్మనీలోని ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎంబెడెడ్ సిస్టమ్స్ సీటూ వచ్చేలా ఉంది. ‘బాబాయి కొడుకు డాలస్‌లోనే ఉన్నాడు, అమెరికా అయితే మనవాళ్ల అండ ఉంటుంది’ అంటాడు నాన్న. ‘జర్మనీలో ఫీజే లేదట కదమ్మా’ అంటుంది అమ్మ. ‘మేడమ్, వీసా స్లాట్లు అయిపోతున్నాయి, ముందు డిపాజిట్ కట్టేయండి’ అని కన్సల్టెన్సీ నుంచి రోజూ ఫోను.

ఈ ఇల్లు ఊహే. కానీ ఇలాంటి ఇళ్లు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి మండలంలోనూ ఉన్నాయి. 2024-25లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఏ దేశం నుంచీ అంతమంది లేరు. అదే ఏడాది జర్మనీలో మనవాళ్ల సంఖ్య 60 వేలకు చేరువైంది. అక్కడా చైనాను దాటి మొదటి స్థానం మనదే. పదేళ్ల కిందట అమెరికా కాదంటే ఆస్ట్రేలియానో, లండనో అనుకునేవారు. ఇప్పుడు అమీర్‌పేటలో జర్మనీ పేరూ అంతే గట్టిగా వినిపిస్తోంది. అందుకే చాలా ఇళ్లలో ఈ వేసవి చర్చ ఈ రెండు పేర్ల చుట్టూనే తిరుగుతోంది.

ఏ దేశం గొప్పదని అడిగితే జవాబు దొరకదు. ఏ అడ్మిట్ మన ఇంటికి సరిపోతుందని అడిగితే దొరుకుతుంది. దానికి కొలత ఒకటే: అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరిగితే ఎంత లాభమన్నది రెండో ప్రశ్న. ఒక్క ఏడాది అనుకున్నట్టు జరగకపోతే మనం నిలబడగలమా అన్నది మొదటి ప్రశ్న.

రెండు క్యాలెండర్లు

రెండు అడ్మిట్లు ఒకేసారి చేతికొస్తే పోల్చుకోవడం తేలిక. చిక్కేమిటంటే అవి ఒకేసారి రావు. అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది. అడ్మిట్లు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తాయి. ఆ తర్వాత విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రం, 350 డాలర్ల సెవిస్ (విద్యార్థుల నమోదు) ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు, ఇంటర్వ్యూ స్లాటు కోసం తిప్పలు. జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. చాలా కోర్సులకు దరఖాస్తు గడువే జులై 15. ఫలితం ఆగస్టులో వచ్చినా ఆశ్చర్యం లేదు. అంటే జర్మనీ మాట తేలేసరికి అమెరికాలో క్లాసులు మొదలైపోతాయి.

అందుకే ఎక్కువ మంది ఎంచుకోవడం లేదు. ముందొచ్చినదానికి తలూపుతున్నారు. దీనికి విరుగుడు ముందుచూపే. జర్మనీలో మార్చి, మే నెలల్లోనే గడువు ముగిసే కోర్సులూ ఉన్నాయి. వాటికి ముందే దరఖాస్తు చేస్తే ఫలితమూ ముందే తెలిసే వీలుంది. మన పట్టాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబర్ నుంచి తప్పనిసరి. 18 వేల రూపాయల ఫీజు, వారాల నిరీక్షణ ఉంటాయి కాబట్టి ఫైనలియర్‌లో ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి.

అమెరికా వైపున్న ‘ఏప్రిల్ 15’ గురించీ తెలిసుండాలి. స్కాలర్‌షిప్పో, అసిస్టెంట్‌షిప్పో ఇస్తామన్న విద్యార్థిని ఆ తేదీలోపే తేల్చమని ఒత్తిడి చేయకూడదని అక్కడి గ్రాడ్యుయేట్ విద్యాసంస్థలు చాలావరకు ఒక ఒప్పందం చేసుకున్నాయి. డబ్బు సాయమేమీ లేని మామూలు అడ్మిట్‌కు ఇది వర్తించదు. అలాంటిదానికి డిపాజిట్ గడువు పొడిగించమని విశ్వవిద్యాలయానికి మనమే మెయిల్ పెట్టవచ్చు. మర్యాదగా కారణం చెప్పి అడిగితే పోయేదేమీ లేదు. కన్సల్టెన్సీ చెప్పిన గడువును మాత్రం విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో సరిచూసుకోకుండా నమ్మొద్దు.

వీసా విషయంలో ఏ దేశమూ హామీ ఇవ్వదు. 2025లో మే 27 నుంచి జూన్ 18 వరకు అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడమే ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టాక సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనబడేలా ఉంచాలని నిబంధన పెట్టింది. ఫాల్‌కు వెళ్లాల్సినవారికి ఆ మూడు వారాలు గండంగా గడిచాయి. జర్మనీ కూడా 2025 జులై 1 నుంచి, వీసా తిరస్కరిస్తే ఉచితంగా పునఃపరిశీలన కోరే పద్ధతిని ఎత్తేసింది. ఇప్పుడు కొత్తగా దరఖాస్తు చేయాలి, లేదంటే అక్కడి కోర్టుకెళ్లాలి.

ఫీజు కాదు, మొత్తం ఖర్చు

నల్గొండ అమ్మాయి ఐ-20లో ఏడాదికి 38 వేల డాలర్లు చూపించారనుకుందాం. అందులో ట్యూషన్ 22 వేలు, బస, భోజనం 14 వేలు, ఆరోగ్య బీమా 2 వేలు. రెండేళ్లకు 76 వేలు. డాలరు 90 రూపాయలనుకుంటే 68 లక్షల పైమాటే. నలుగురు కలిసి గది తీసుకుని, వండుకుని తిని, క్యాంపస్‌లో వారానికి 20 గంటల లోపు పని దొరికించుకుంటే ఇది తగ్గుతుంది. ఎంత తగ్గినా 40 లక్షల అప్పు లేకుండా గడవదు.

జర్మనీ లెక్క వేరు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. అక్కడి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఎత్తేస్తూ వచ్చి, 2014లో చివరిగా లోయర్ సాక్సనీ ఎత్తేసింది. కానీ ‘జర్మనీలో చదువు ఉచితం’ అన్న మాట ఇప్పుడు అన్నిచోట్లా నిజం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివారు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌లో కొత్తగా చేరేవారికి సెమిస్టర్‌కు 4 వేల నుంచి 6 వేల యూరోల ఫీజు పెట్టింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఫీజు లేని చోటైనా వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. యూరో 105 రూపాయల లెక్కన పన్నెండున్నర లక్షలు. ఆ డబ్బు మనదే, కానీ నెలకు 992 యూరోలకు మించి తీయనివ్వరు. రెండేళ్ల బతుకు ఖర్చు, సెమిస్టర్‌కు 300 యూరోల చొప్పున కట్టే చందా కలిపితే 25 వేల యూరోలు, అంటే 26 లక్షలు. పార్ట్‌టైమ్‌తో రెండో ఏడాది నెట్టుకొచ్చేవారు చాలామందే కాబట్టి అప్పు 15 లక్షలతో సరిపోవచ్చు. ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయడానికి చట్టం ఒప్పుకొంటుంది. అయితే అక్కడ నాలుగు సెమిస్టర్ల కోర్సు అయిదారు సెమిస్టర్లకు సాగడం మామూలే. ఆ అదనపు ఏడాది ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెలకు ఈఎంఐ సుమారు 55,100 రూపాయలు. 15 లక్షలైతే 20,700. చదివే కాలంలో వడ్డీ ఊరికే ఉండదు. 40 లక్షలూ తీసుకున్నాక ఏడాదికి 4.4 లక్షలు పెరుగుతూనే ఉంటుంది. డాలర్లలో జీతం వస్తే 55 వేల ఈఎంఐ భారం కాదు, నెలకు 600 డాలర్ల పైచిలుకు అంతే. కానీ ఉద్యోగం దొరక్క అమ్మాయి తిరిగొచ్చి, హైదరాబాద్‌లో నెలకు 40 వేలకు చేరిందనుకోండి. జీతమంతా పోసినా కంతు తీరదు. అప్పుడు బ్యాంకు చూసేది బత్తాయి తోట వైపే. 20,700 అయితే ఇబ్బందిపడైనా కట్టుకోవచ్చు, తోట మిగులుతుంది. ‘హైదరాబాద్ జీతంతో ఈ ఈఎంఐ కట్టగలమా?’ అన్న ప్రశ్న ఏ అడ్మిట్‌కైనా మొదటి పరీక్ష కావాలి.

సాయంతో, అప్పుతో సముద్రం దాటడం మనకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో బోస్టన్‌లో దిగింది మామగారు కూడగట్టిన డబ్బుతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయంతో. ఇవాళ్టి పిల్లలకూ అలాంటి ఆసరాలున్నాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి పథకాల కింద 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. అప్పుకోసం తోట కాగితాలు బయటికి తీసేముందు ఆ దరఖాస్తు పెట్టారా అన్నది చూసుకోండి.

క్లాసులో ఏముంటుంది?

ఖర్చు గురించి నెలలు మాట్లాడుకునే ఇళ్లలో సిలబస్ గురించి పది నిమిషాలు మాట్లాడుకోరు. అమెరికాలో మాస్టర్స్ అంటే దాదాపు 30 నుంచి 36 క్రెడిట్లు. వారం వారం అసైన్‌మెంట్లు, మిడ్‌టర్మ్‌లు, ప్రాజెక్టులు ఉంటాయి. ఎక్కడ వెనకబడ్డామో రెండో నెలలోనే తెలిసిపోతుంది. జీపీఏ 3.0 కన్నా పడిపోతే చాలాచోట్ల హెచ్చరిక వస్తుంది. సబ్జెక్టులు మార్చుకునే వెసులుబాటు ఎక్కువ. ఈసీఈ చదివినవారు డేటా సైన్స్ వైపు వెళ్లాలన్నా దారులుంటాయి.

జర్మనీలో మాస్టర్స్ సాధారణంగా యూరప్ లెక్కలో 120 క్రెడిట్లు. అందులో చివరి సెమిస్టర్ థీసిస్. చాలా సబ్జెక్టుల్లో మార్కులన్నీ సెమిస్టర్ చివరి ఒక్క పరీక్ష మీదే. హాజరు తీసుకోరు, చదివావా అని అడిగేవారుండరు. ఇంటర్‌లో, ఇంజినీరింగ్‌లో స్టడీ అవర్ల కాపలాలో చదివిన మన పిల్లలకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. సాధారణంగా ఒక సబ్జెక్టు పరీక్షకు మూడు అవకాశాలే. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచి పేరు కొట్టేస్తారు. అదే కోర్సును జర్మనీలో మరో విశ్వవిద్యాలయంలో చేరి చదువుదామన్నా కుదరదు. బ్యాక్‌లాగ్‌లు ఎప్పుడైనా రాసుకోవచ్చన్న మన అలవాటు అక్కడ పనికిరాదు.

సీటు దగ్గరే ఒక చిన్న లెక్క చాలామందిని పడగొడుతుంది. జర్మన్ గ్రేడ్లలో 1.0 అన్నిటికన్నా మేలు, 4.0 అంటే బొటాబొటి పాస్. మన సీజీపీఏను వాళ్ల గ్రేడ్‌లోకి మార్చే సూత్రం ఇది: గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేయాలి. దాన్ని గరిష్ఠ మార్కుకూ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. నల్గొండ అమ్మాయికి పదికి 7.5. పాస్ స్థాయి 4 అయితే ఆమె గ్రేడు 2.25. పాస్ స్థాయి 5 అయితే 2.5. చాలా కోర్సులు 2.5 దగ్గరే గీత గీస్తాయి. అంటే పాస్ స్థాయి ఎంతో చెప్పే ఆ ఒక్క అంకె సీటును అటో ఇటో చేస్తుంది. మీ విశ్వవిద్యాలయం పాస్ స్థాయి ఎంతో మార్కుల మెమో వెనుకో, నిబంధనల్లోనో చూసుకుని ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

పట్టా చేతికొచ్చిన మర్నాడు

రెండు దేశాల మధ్య అసలు తేడా ఇక్కడుంది.

అమెరికాలో పట్టా తర్వాత ఏడాది ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన పనిచేసే అనుమతి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు. మూడేళ్లు అనగానే ధీమాగా ఉంటుంది. కానీ మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు కూడా కలుపుకొంటే 150 రోజులు. ఈ మూడేళ్లలోపే హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. ఏటా ఇచ్చేవి 85 వేలు. అందులో 20 వేలు అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి. 2026 ఆర్థిక సంవత్సరానికి అర్హత ఉన్న 3.44 లక్షల దరఖాస్తుల్లో 1.20 లక్షలను ఎంపిక చేశారు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్నో ఇళ్లలో నిద్రలేదు. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని అక్టోబర్‌లో స్పష్టత ఇచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు. హెచ్-1బీ వచ్చాక ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి 60 రోజులు. గ్రీన్‌కార్డులో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల మనవాళ్ల క్యూ ఏళ్ల తరబడి కదలదు.

ఇన్ని ఉన్నా అమెరికా వైపు చూపు తిప్పుకోలేకపోవడానికి కారణాలు గట్టివే. అక్కడ పనికి దొరికే జీతం జర్మనీలో దొరకదు. పరిశోధనకు డబ్బు, చిప్ డిజైన్ నుంచి కృత్రిమ మేధ దాకా కంపెనీల విస్తృతి, ఇంటర్న్‌షిప్ చేసిన చోటే ఉద్యోగం దొరికే అవకాశం, భాషా సమస్య లేకపోవడం, డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా మనవాళ్ల ఊతం చిన్న విషయాలు కావు.

జర్మనీలో పట్టా తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. ఆ కాలంలో ఏ పనైనా చేసుకోవచ్చు. లాటరీ లేదు. చదువుకు తగిన ఉద్యోగం, నిర్ణీత జీతం ఉంటే బ్లూకార్డు అనే నివాస, ఉద్యోగ అనుమతి వస్తుంది. 2025లో కొత్త పట్టభద్రులకు ఆ జీతం గీత ఏడాదికి 43,760 యూరోల దరిదాపుల్లో ఉంది. బ్లూకార్డు మీద 27 నెలలు పనిచేస్తే శాశ్వత నివాసానికి అడగవచ్చు. జర్మన్ భాష బీ1 స్థాయిలో వస్తే 21 నెలలకే.

అయితే ఆ 18 నెలల అనుమతి ఉన్నంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉన్నా, ఉద్యోగ ప్రకటనల్లో బీ2 జర్మన్ అడిగేవే ఎక్కువ. భాష లేకుండా వెళ్లినవారు గోదాముల్లో ప్యాకింగ్ పనితో గడుపుతూ, పట్టా పొందాక కూడా అదే పనిలో మిగిలిపోతున్నారు. మన మెకానికల్, ఈసీఈ పిల్లలు ఆశపెట్టుకునే కార్ల పరిశ్రమ కూడా ఒడిదొడుకుల్లో ఉంది. 2030 నాటికి జర్మనీలో 35 వేల ఉద్యోగాలు తగ్గించుకోవడానికి ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబర్‌లో కార్మిక సంఘాలతో ఒప్పందం చేసుకుంది. మ్యూనిక్ లాంటి నగరాల్లో అద్దెగది దొరకడమే నెలల పని. విమానం ఎక్కేలోపు కనీసం ఏ2, కోర్సు ముగిసేలోపు బీ1 దాటతానన్న పట్టుదల లేనివారికి జర్మనీలో ఫీజు లేకపోవడం కలిసివచ్చేదేమీ కాదు.

సలహా ఇచ్చేవారి లాభమెంత?

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థిని చేర్పించిన ఏజెంటుకు కమీషన్ ఇస్తాయి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఇవ్వవు, అక్కడి ప్రైవేటువి ఇస్తాయి. కొన్ని కన్సల్టెన్సీల జాబితాల్లో ఏ పేర్లు పైన ఉంటాయో, ఎందుకుంటాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. సలహా తీసుకోవడం తప్పు కాదు. ‘ఈ విశ్వవిద్యాలయం నుంచి మీకు కమీషన్ వస్తుందా?’ అని నేరుగా అడగడం మన హక్కు.

అడగకపోతే ఏమవుతుందో తెలుగు కుటుంబాలు రెండుసార్లు చూశాయి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అధికారులు మూసేశారు. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అసలు విశ్వవిద్యాలయమే కాదని, ఇమ్మిగ్రేషన్ అధికారులే పన్నిన వల అని బయటపడింది. వంద మందికి పైగా భారతీయ విద్యార్థులు పట్టుబడ్డారు. పిల్లల్ని చేర్పించినందుకు ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. క్లాసుకెళ్లనక్కర్లేదు, మొదటి రోజు నుంచే పనిచేసుకోవచ్చు అని ఎవరైనా చెబితే ఆ క్షణమే లేచి వచ్చేయండి.

తీర్పు

నల్గొండ అమ్మాయి మాటకొస్తే, ఇప్పుడున్న పరిస్థితిలో ఆమెకు జర్మనీయే మేలు. కారణాలు మూడు. తోట పోతుందన్న భయం లేకుండా చదువు పూర్తవుతుంది. ఆమె చదివిన ఈసీఈకి, చదవబోయే ఎంబెడెడ్ సిస్టమ్స్‌కు నేరుగా పొత్తుంది. పట్టా తర్వాత 90 రోజుల బదులు 18 నెలల ఊపిరి దొరుకుతుంది. దీనికొక షరతు ఉంది: రేపటి నుంచే జర్మన్ క్లాసుకు వెళ్లాలి. ఏదైనా కారణంతో సీటు రాకపోతే, ఆర్నెల్లు ఆగి భాష నేర్చుకుని మళ్లీ ప్రయత్నించడం 40 లక్షల అప్పు కన్నా చవక.

టెక్సస్ విశ్వవిద్యాలయం ట్యూషన్ మాఫీ చేసి అసిస్టెంట్‌షిప్ ఇస్తే మాత్రం తీర్పు మారుతుంది. అప్పుడు కళ్లుమూసుకుని అమెరికా వెళ్లవచ్చు. ఇంట్లో ఇద్దరు ప్రభుత్వోద్యోగులు, పట్టణంలో సొంతిల్లు, ఒక ఏడాది ఈఎంఐ పక్కన పెట్టగల స్తోమత ఉన్నవారికీ అమెరికా సాహసం చేయదగ్గదే. కంప్యూటర్ సైన్స్‌లో గట్టి పట్టు, చేసి చూపించిన ప్రాజెక్టులు ఉన్నవారికి అక్కడున్న ఎదుగుదల మరెక్కడా లేదు. కొత్త భాషంటే భయపడే పిల్లల్ని ఫీజు లేదన్న ఒక్క కారణంతో జర్మనీకి తోయడమూ అన్యాయమే.

అమ్మానాన్నలకు ఒక మాట. చుట్టాల్లో ఎవరి పిల్లలు ఎక్కడున్నారన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. డాలస్‌లో బాబాయి కొడుకు ఒక వారం అన్నం పెట్టగలడు, ఈఎంఐ కట్టలేడు. ఏ దేశమో మీరు తేల్చి పిల్లల చేత ఒప్పించొద్దు. ఖర్చెంత భరించగలమో నిజాయతీగా చెప్పండి. దాచిన అప్పులుంటే అవీ చెప్పండి. ఆ గీతలోపు ఏది కావాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. పిల్లలకూ ఒక మాట. ఎంచుకున్న విశ్వవిద్యాలయంలో మీ కోర్సే చదువుతున్న ఇద్దరు సీనియర్లతో మాట్లాడండి. ఉద్యోగం వచ్చినవారితో ఒకసారి, రానివారితో ఒకసారి.

ఈ ఆదివారమే ఒక తెల్లకాగితం తీసుకోండి. మధ్యలో గీత గీసి రెండు అడ్మిట్లకూ నాలుగు అంకెలు రాయండి: మొత్తం ఖర్చు, నెల ఈఎంఐ, ఉద్యోగం లేకుండా ఎన్ని రోజులు ఉండనిస్తారు, తిరిగొస్తే ఎంత జీతం వస్తుంది. ఆ నాలుగు అంకెలూ నిండేదాకా డిపాజిట్ కట్టకండి.